నూట పదహారులో ఆ ఒక్కటి

సౌదీ రియాళ్లు బహ్రెయిన్‌లో చెల్లుతాయని విని, డబ్బు మార్చకుండానే సౌదీలోని ఖోబర్ నుంచి సముద్రం మీది వంతెన దాటాను. బహ్రెయిన్‌లోని హూరాలో ఉండే మిత్రుడికి పెళ్లయిన చాలా ఏళ్లకు పాప పుట్టింది. ఆ రోజు బారసాల. నూట పదహారు రియాళ్లు చదివిద్దామనుకున్నాను. జేబులో నూట పదిహేను, విడిగా ఇంకో ఐదు రియాళ్ల నోటు ఉన్నాయి. ఆ ఐదుతో కవరు కొంటే చిల్లరలో ఒక రియాల్ దొరుకుతుందని పథకం. ఇంజినీరింగ్ చదివాను మరి.

మిత్రుడి ఇంటి కింది కొట్టువాడు నోటు మారుమాట లేకుండా తీసుకుని, బహ్రెయిన్ వంద ఫిల్స్ నాణేలు నాలుగు చేతిలో పెట్టాడు. ఇక్కడ రియాళ్లు గల్లాపెట్టెలోకి వెళ్తాయి గానీ బయటికి రావట.

"అయ్యో, ఒక్క రియాల్ తక్కువైంది. లేక లేక పుట్టిన పిల్ల!" అని పైకే అనేశాను.

వెనక పెరుగు డబ్బాతో నిలబడ్డ జగిత్యాల మేస్త్రీ ఒకాయన నవ్వాడు. "వంద ఫిల్స్ అంటే ఒక రియాలే గద సార్. గా బిళ్ల వెయ్యుండ్రి."

"దేశాలు వేరు కదన్నా?"

"అయితేంది? దీవెనకు గూడ వీసా కొట్టియ్యాల్నా?"

నాణెం కవర్లో వేశాను.

పైన మిత్రుడి తల్లి కవరు అందుకుని, తెరవకుండానే బొటనవేలితో అడుగున తడిమి చూశారు.

"రూపాయి ఉందిలే," అని పాపను నా ఒళ్లో పెట్టారు. ఏ దేశపు రూపాయో అడగలేదు.