పత్తి బేలులో పాట

ఆ రోజుల్లో "ఈ మధ్య ఏం పాటలు వింటున్నారు?" అని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. అడగాల్సిన పనేముంది? గ్రామఫోను ఉన్నవాడింట్లో ఏది మోగితే గల్లీ గల్లీ అదే వినేది, ఇష్టమున్నా లేకున్నా. మొన్న మా మనవరాలు చెవుల్లో ఏవో పెట్టుకుని తిరుగుతూ వచ్చి, "తాతా, ఈ మధ్య ఏం వింటున్నవ్? ఏమేం జమ చేసినవ్?" అని అడిగేసరికి నాకు జవాబు కన్నా ముందు నవ్వొచ్చింది. నేను జమ చేసిన పాటల్లో అన్నిటికన్నా విలువైనది నాకు పత్తి బేలులో దొరికింది మరి.

అప్పటికి నేను ఆదిలాబాదులో పత్తి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో కాంటా గుమాస్తాను. బండ్లమీద వచ్చిన పత్తిని తూకం వేయించడం, రైతులతో మాట పడటం, మిల్లు యజమాని సేటుతో తిట్లు తినడం, ఇదీ నా కొలువు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చినవాణ్ని, రేకుల కప్పు గదిలో ఒంటరిగాణ్ని. బదిలీ మీద పోతున్న ఒక ఉద్యోగి తన పాత గ్రామఫోనును నాకు అంటగట్టి పోయాడు. అది మొదలు నాకు రికార్డుల పిచ్చి పట్టింది. నాందేడు పోయే లారీ డ్రైవర్లను బతిమాలి మరాఠీ నాటకాల పాటలు తెప్పించాను, అంగట్లో పాత సామాన్ల దగ్గర కూర్చుని ఖవ్వాలీలు ఏరుకున్నాను, పౌరాణిక పద్యాలు సంపాదించాను. (పద్యం రాగం అందుకోగానే పక్కింటాయన కుక్క కూడా అందుకునేది. ఆ కుక్కకు తాళజ్ఞానం లేదు.)

అదే ఏడు నాకు పెళ్లయింది. పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది, ఎండాకాలంలో కాపురానికి పంపుతామన్నారు. ఒకసారి అత్తగారింటికి పోయినప్పుడు నేను గ్రామఫోను గురించి గొప్పలు పోతుంటే, తలుపు చాటు నుంచి ఆమె మొదటిసారి నాతో మాట్లాడింది. "మరి గా అన్నాచెల్లెండ్ల పాట ఉన్నదా మీ తాన?" అని. ధర్మపురి జాతరలో మైకులో విన్నదట. అత్తింట్లో ఉన్న చెల్లె అన్నను అడుగుతుందట, నన్ను తోలుకపోను ఎప్పుడొస్తవని. అన్న నోరు తెరిచి జవాబు చెప్పేలోపు వాళ్ల బాపు, బస్సు పోతుంది నడువుమని చెయ్యి పట్టి గుంజుకొచ్చాడట. "గా అన్న ఏం చెప్పిండో గిప్పటిదాక తెల్వలే," అన్నది. ఆ గొంతులో ఉన్న బాధ వింటే, ఆ అన్న ఎవరో నిజంగా వాళ్లింటి మనిషేనేమో అనిపించింది.

ఇగ నాకు నిద్ర పడితే ఒట్టు. ఆమె ఆదిలాబాదులో అడుగుపెట్టేనాటికి ఆ జవాబు నా గదిలో ఉండాలి! కనపడ్డ ప్రతివాణ్నీ అడిగాను. ఏ పాటో పేరు తెలియదు, పాడినవాళ్లు తెలియదు. "అన్నాచెల్లెండ్ల పాట, చెల్లె అడుగుతది, అన్న చెప్తడు," అంటే దుకాణాలవాళ్లు నన్ను ఎగాదిగా చూసేవారు. చివరకు ఒక లారీ డ్రైవరు పుణ్యమా అని అది నిజామాబాదు నుంచి నా చేతికొచ్చింది. నేను మాత్రం పెట్టి వినలేదు. ఆమెతోనే వినాలని పట్టు పట్టి కూర్చున్నాను. (కొత్త పెళ్లికొడుకులకు ఇట్లాంటి పట్లు ఉంటాయి, తర్వాత తగ్గుతాయి.)

అంతలో ఎండలు ముదిరాయి. రేకుల కింద నా గది పొయ్యి అయింది. ఒక సాయంత్రం వచ్చి చూస్తే నా ఖవ్వాలీ రికార్డు ఒకటి మెత్తబడి, అంచులు లేచి, అచ్చం మూకుడులా తయారైంది. అన్నాచెల్లెండ్ల పాటకు ఇదే గతి పడితే? అప్పుడు నా బుర్రలో వెలిగిన ఉపాయం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను ఒక్కటి వేసుకోవాలనిపిస్తుంది. మిల్లులో దూదిని ఒత్తి బేళ్లు కట్టే ప్రెస్సు గదిలో గింజ తీసిన దూది గుట్టగా పడి ఉంది. చల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది. ప్రెస్సు చెడిపోయి మరమ్మతులో ఉంది, వారం దాకా ఆ దూదిని ముట్టేవాడు లేడు. రికార్డును తువ్వాలలో చుట్టి ఆ గుట్టలో లోపలిదాకా దూర్చి, ఆదిలాబాదు మొత్తానికి నా అంత తెలివైనవాడు లేడనుకుంటూ ఇంటికి పోయాను.

తెల్లారి పోయేసరికి గుట్ట లేదు. నేల ఊడ్చి ఉంది. గోడ పక్కన ఇనుప పట్టీలు బిగించిన కొత్త బేళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, బొంబాయి పోవడానికి ముస్తాబై. ప్రెస్సు మేస్త్రి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మిషిని బాగైంది పటేలా! పొద్దుగాల్నే మొత్తం సాఫ్ జేసినం."

సంగతి చెప్తే మేస్త్రి నెత్తి గోక్కున్నాడు. "రెండో బేలు ఒత్తుతుంటే లోపల టప్పుమన్నది. గింజ ఉన్నదేమో అనుకున్న. గదేనా మీ పాట?"

బిగించిన బేలు విప్పాలంటే సేటు హుకుం కావాలి. సేటు మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు, కోపం వస్తే తెలుగు పూర్తిగా వదిలేసేవాడు. పోయి ఉన్నదున్నట్టు చెప్పాను, తలుపు చాటు పిల్లతో సహా. సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కాయ్ రే! బొంబాయికి పత్తి పంపుతున్నమా, పాటలు పంపుతున్నమా?"

"తప్పయింది సేట్‌సాబ్. రేపు ఆమె వస్తున్నది."

సేటు మేస్త్రిని పిలిచి, "విప్పు రే," అన్నాడు. "అరే బాబా, దూదిల పెంకులు పోతే నా పేరు పోతది" అని పైకి సణిగాడు గానీ, బేలు విప్పేదాకా పక్కనే నిలబడి నాకన్నా ఆత్రంగా తొంగి చూశాడు. పట్టీలు తెంపగానే దూది ఉబ్బి లేచింది. మధ్యలో నా తువ్వాల. తువ్వాలలో రికార్డు, సరిగ్గా రెండు ముక్కలు.

నా మొహం చూసి మేస్త్రి నన్ను గాజుల గల్లీకి లాక్కుపోయాడు. లక్కగాజులు చేసే ముసలామె ముక్కలు రెండూ తిప్పి చూసింది. "గాజులు అతికిన గని పాటలు ఎన్నడు అతకలే బిడ్డా," అంటూనే బొగ్గుల మీద లక్క కాచి, ముక్కల అంచులు కలిపి, గాజు చేసినంత ముద్దుగా అతికి ఇచ్చింది.

మర్నాడు మిల్లులో ఆ ఏటి ఆఖరి బేలుకు పూజ. బేలుకు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టడం రివాజు. "నీ పాటల పెట్టె గీడికే తేవాలె, నీకు గిదే సజా," అని శిక్ష వేశాడు సేటు. అట్లా మా ఆవిడ బస్సు దిగి, వాళ్ల బాపు వెంట, ట్రంకు పెట్టెతో సహా తిన్నగా మిల్లుకే వచ్చింది. దండ వేసిన బేలు పక్కన గ్రామఫోను. చుట్టూ కూలీలు, మేస్త్రి, సేటు. నేను చావి తిప్పి సూది పెట్టాను.

చెల్లె గొంతు లేచింది. అతుకు దగ్గరికి వచ్చినప్పుడల్లా సూది "టక్" మనేది. చెల్లె "అన్నా" అంటే టక్, "ఎప్పుడొస్తవ్" అంటే టక్. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. చెల్లె అడగడం అయిపోయింది. అన్న అందుకోబోతున్నాడు. సరిగ్గా అప్పుడే మామ లేచి కండువా దులుపుకున్నాడు. ఆమె బెదిరి చూసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మామ మాత్రం కదలలేదు. "నాడు పాటల గిక్కడ్నే కదా బిడ్డా, నిన్ను గుంజుకొచ్చిన," అన్నాడు మెల్లగా. "ఇయ్యాల పూర్తిగ విను. బస్సు పోతే పోనీ."

అన్న పాడాడు. టక్. "బండి కట్టిన, చెల్లె." టక్. "తొవ్వలున్న, వస్తున్న." టక్.

పాట ఆగింది. మామ కండువాతో కళ్లొత్తుకుని, "నేను గూడ వస్త బిడ్డా. ఫికర్ జెయ్యకు," అన్నాడు. మాట ప్రకారం బతికున్నన్నాళ్లూ ఏటా వచ్చాడు, కూతుర్ని తోలుకపోయాడు, మళ్లీ తనే దింపిపోయాడు. బేలు విప్పించిన సేటూ, మేస్త్రీ, లక్క కాచిన ఆ గాజులామే, ఎవరూ ఇప్పుడు లేరు. వాళ్లందరి దయ వల్లనే నా కాపురం ఒక పాటతో మొదలైంది. దండం పెడదామన్నా మనుషులు లేరు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మనవరాలికి ఇదంతా చెప్తే వెంటనే ఫోనులో వెతికి ఆ పాటను పట్టుకుంది. గీత లేదు, గరగర లేదు, కడిగిన ముత్యంలా ఉంది. నేను మురిసిపోయి మా ఆవిడను పిలిచాను. ఆమె మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని విన్నది. విన్నాక పెదవి విరిచింది.

"మంచిగనే ఉన్నది గని, గిది మన పాట గాదు."

"మళ్లొక్కసారి పెట్టు బిడ్డా," అన్నాను మనవరాలితో. ఈసారి చెల్లె "అన్నా" అనగానే మా ఆవిడ వేలితో మంచం పట్టె మీద టక్కున కొట్టింది. "ఎప్పుడొస్తవ్" దగ్గర నేను కొట్టాను. మనవరాలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఈ మధ్య నేను ఏం వింటున్నానంటే, పిల్లా, ఇదే వింటున్నాను.