వేరుశనగల బాణలిలో నీలి గుళికలు

ఫిబ్రవరి పన్నెండు, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నేను పాఠాలు చెప్పి రిటైరైన హిందూపురం కాలేజీ ల్యాబ్‌లో, ఆకాశం నుంచి వచ్చే కణాలను లెక్కించే నా పాత విద్యార్థిని షబానా పరికరం పందొమ్మిదో రోజు నడుస్తోంది. నెల పాటు ఆగకుండా నడిస్తేనే ఆమె పరిశోధన చెల్లుతుంది. పరికరం తనలో నిండిన ఖరీదైన వాయువును పారేయకుండా, తేమ పీల్చే నీలి గుళికల గుండా శుభ్రపరిచి మళ్లీ లోపలికే పంపుతుంది. తేమెక్కిన గుళికలను వేడిచేసి తిరిగి వాడతారు. ల్యాబ్ ఓవెన్ చెడిపోవడంతో, వాటిని ఇంట్లో బాణలిలో వేయించి తెచ్చింది నేనే.

గుళికలు మార్చిన కాసేపటికే, పరికరంలోని గాజు పలకల మధ్య కరెంటును చూపే మీటరు ముల్లు పైకెక్కసాగింది. షబానా గొట్టం విప్పి వాసన చూసింది.

"యాడ వేయించినారు మేడమ్? చెనక్కాయల వాసన వస్తాండాది!"

"బాణలి బాగా తోమినా కదమ్మా!"

"నూనె ఆవిరి లోపలికి పోయింటాది. స్విచ్చి ఆపండి!"

నా చెయ్యి స్విచ్చికి చేరేలోపే గాజు పలకల మధ్య టపటపమని నిప్పురవ్వలు లేచాయి.

కంటికి శుభ్రంగా కనిపిస్తే చాలనుకున్నాను. పోయినవి: రెండు గాజు పలకలు, ఒక సిలిండర్ వాయువు, షబానావి పందొమ్మిది రోజులు.