నీళ్ళు తాగే ఏనుగు

ఆరేళ్ళుగా నేనొక ఏనుగును మోస్తున్నాను. నవ్వకండి. నా బొటనవేలంత చెక్క ఏనుగే అది. అయినా బరువుగానే ఉంది. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను దీని గురించి అందులో కూడా ఒక్క ముక్క రాయలేదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

తిరుపతిలో ఒక జెరాక్స్ షాపు మీది గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు మేం ఐదుగురం పాతకాలపు యుద్ధాలు ఆడుకుంటాం. పెద్ద గుడ్డ మీద రంగులతో చంద్రగిరి కోట, కొండ, స్వర్ణముఖి ఏరు, వాటన్నిటి మీదా గళ్ళు. చింతపిక్కలు గుర్రాలు, చెక్క బొమ్మలు ఏనుగులు. ఆ గుడ్డ మీద బొమ్మ వేసిందీ, ఆ ఏనుగుల్ని చెక్కిందీ రెడ్డెప్ప సార్. బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ కాలం గురించి ఆయనంత ఇష్టంగా మాట్లాడేవాళ్ళు మాలో లేరు. ఆయనన్నిసార్లు ఓడిపోయేవాళ్ళూ లేరు.

మొదట్లో ప్రతి ఆటా గొడవతోనే ముగిసేది. అందుకని ఒక ఒప్పందానికొచ్చాం. ఆనాటి సైన్యాలు పాటించిన మర్యాదలను మేమూ పాటించాలి. అయితే ఆ మర్యాద ఏదో ఒక పుస్తకంలో ఉండితీరాలి. పుస్తకం పేరు, పేజీ మా నోటుబుక్కులో ఎక్కాలి. నా దస్తూరీ బాగుంటుందని నోటుబుక్కు నా చేతికిచ్చారు. నోరు తెరవని పిల్లకు అదొక పదవి. ఎంత గర్వపడ్డానో!

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం సార్‌తో ఆడుతున్నాను. నా చివరి ఏనుగు ఏటి గడిలో చిక్కుకుంది. మూడు వైపులా ఆయన గుర్రాలు. ఏనుగు పోతే ఆట పోయినట్టే. సార్‌కు అది మొట్టమొదటి గెలుపు అయ్యేది. సంతోషంగా ఆయన ఒక గుర్రం మీద వేలు పెట్టారు. అప్పుడు అన్నాను.

"సార్... నీళ్ళు తాగే ఏనుగును కొట్టకూడదు సార్."

అందరూ నావైపు తిరిగారు. లాడ్జి కౌంటర్లో పనిచేసే మునిరత్నం అన్న ఊరుకోలేదు. "ఏందబ్బా ఇది! ఏనుగుకేమన్నా వీఐపీ దర్శనమా? కొట్టెయ్యండి సార్!"

"ఉండప్పా నువ్వు," అన్నారు సార్. "ఆ మాట యాడుండాది పాపా?"

"లైబ్రరీలో... ఒక పాత పుస్తకంలో చదివినాను సార్. పేరు గుర్తు లేదు."

"ఇన్నేండ్లు సదివినాను, నా కంట పడలేదే! ఎంత గొప్ప మర్యాదమ్మా! రాసుకో, పుస్తకం పేరు గుర్తొచ్చినప్పుడు ఎక్కిద్దువులే."

గుర్రాలను ఒక్కొక్కటిగా వెనక్కి జరిపారు. కాసేపటికి నేను గెలిచాను. ఆయన నాకు చప్పట్లు కొట్టారు.

అలాంటి పుస్తకం లేదు. అప్పటికప్పుడు అల్లేశాను.

ఎందుకు? ఓటమి భయమా? అంతకుముందు ఎన్నిసార్లు ఓడలేదు! నా దస్తూరీ తప్ప ఇంకేమీ ఎరగని ఆ నలుగురికీ, ఈ పిల్ల ఏవేవో చదువుతుందని ఒక్కసారైనా తెలియాలనుకున్నానా? ఏనుగు మీద జాలిపడ్డానా? ఇలా ఎన్ని కారణాలు పేర్చుకున్నా వాటి అడుగున ఉన్నది ఒక్కటే. గెలవాలనిపించింది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ అబద్ధం మా గదికి పండగ తెచ్చింది. ఇప్పుడు టీ వస్తే యుద్ధం ఆగిపోతుంది. చేతిలో గ్లాసున్నవాళ్ళ సైన్యాన్ని ఎవరూ ముట్టుకోరు. ఓడిపోయేలా ఉంటే చాలు, మునిరత్నం అన్న టీ తెప్పించుకుని అరగంట ఊదుతాడు. "ఏనుగు నీళ్ళు తాగతా ఉండాది, ఎవురూ కదలాకండప్పా!" అంటాడు. కడుపు నొప్పెట్టేలా నవ్వుతాం. నేనూ నవ్వుతాను. నవ్వుతూనే నోటుబుక్కులో ఆ మర్యాద పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తాను.

సార్ ఇంటికి చుట్టాలొస్తే చంద్రగిరి కోటకు తీసుకెళ్ళి ఏనుగు సంగతి కథలా చెబుతారట. అన్నేళ్ళు పిల్లలకు నిజమైన చరిత్ర చెప్పిన మనిషి నోట నా అబద్ధం! ఇప్పటిదాకా ఆయన ఒక్క ఆటా గెలవలేదు.

పోయిన ఆదివారం ఆయన ఒక మాట చెప్పారు. మా మర్యాదలన్నీ చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తారట. ఏనుగుదే మొదటి పేజీ. పుస్తకం పేరు వెతికిపెట్టమని నన్నే అడిగారు.

ఇవాళ పొద్దున నోటుబుక్కు తెరిచాను. ఆ ఖాళీ చోట నా మంచి దస్తూరీతో రాశాను: "ఏ పుస్తకంలోనూ లేదు. గెలవడానికి నేనే కల్పించాను. ఆ ఆట సార్‌ది." మర్యాదను మాత్రం కొట్టేయలేదు. ఉంచాలో తీసేయాలో చెప్పవలసింది ఇక వాళ్ళు.

రేపు ఆదివారం. సార్ ఏమంటారో తెలియదు. మళ్ళీ ఆ గదిలోకి రానిస్తారో లేదో కూడా తెలియదు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. మునిరత్నం అన్న టీ గ్లాసు గుర్తొచ్చి, ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను.

ఆరేళ్ళకు నా ఏనుగు ఏట్లోంచి గట్టుకు వచ్చింది. ఇక ఎవరైనా కొట్టొచ్చు.