రూతమ్మ దూడ, నా దురాశ: మదనపల్లె నుంచి కుప్పం దాకా

పుంగనూరు ఆవును కొనాలని, కనీసం కళ్లారా చూడాలని మా వైపు వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు దారి చెబుదామనే ఇది రాస్తున్నాను. అయితే నేను పోయింది ఆవును చూడ్డానికి కాదు, లాభం చూసుకోడానికి. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. నాకు మదనపల్లెలో టైలరింగ్ షాపు ఉంది. బెంగళూరులో ఉండే పాత కస్టమర్ ఒకావిడ, తన తోటలో పెంచుకోడానికి అసలైన పుంగనూరు పెయ్యదూడ దొరికితే లక్షన్నర ఇస్తానంది. కుప్పం దగ్గర ఒక పల్లెలో రూతమ్మ అనే ముసలామె అలాంటి దూడను అమ్ముతోందని, ఆమెకు ధర ఏమీ తెలియదని మా చర్చిలో ఒకరు చెప్పారు. ముప్పై వేలకు తెచ్చేయాలని లెక్క వేసుకున్నాను. అంతకు ముందు ఆదివారమే స్త్రీల సమాజంలో దురాశ మీద అరగంట మాట్లాడాను. మా ఆయన అది గుర్తు చేస్తే, "ఇది దురాశ కాదు, వ్యాపారం" అని కసిరాను.

పొద్దున అయిదున్నరకు మదనపల్లె బస్టాండులో ఎక్కితే గంటకు పుంగనూరులో దించారు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. మగవాళ్లకు కుప్పం దాకా మూడు బస్సులకూ కలిపి రెండు వందల దాకా అవుతుంది. ఇడ్లీ తింటూ హోటలాయన్ని అడిగాను, ఈ ఊళ్లోనే దూడలు దొరకవా అని. "దొరుకుతాయమ్మా. అయితే ఈడ అందరికీ రేటు తెలుసు" అన్నాడు. నాకు కావలసింది రేటు తెలియని మనిషి కదా, వెంటనే పలమనేరు బస్సెక్కాను. అక్కడ మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదిన్నర. దారంతా టమాటా తోటలు, మామిడి తోపులు, కిటికీ పక్కన కూర్చుంటే చూడ్డానికి బాగుంటుంది. నేను మాత్రం ఒళ్లో బ్యాగు, బ్యాగులో ముప్పై వేలు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను.

కుప్పం బస్టాండు బయట మునిరాజు అనే అతని ఆటో మాట్లాడుకున్నాను, పోనూ రానూ నాలుగు వందలు. ఊరి పేరు చెప్పగానే, "రూతమ్మ ఇంటికా అక్కా?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీకెట్లా తెలుసు?"

"పొద్దున వి.కోట బ్రోకర్ ఒకాయన ఫోన్ చేసినాడు, ఆ యమ్మ ఇల్లు యాడ అని. పన్నెండుకు వస్తానన్నాడు."

తొందరగా పోనివ్వమన్నాను. "దూడ యాడికీ పోదులే అక్కా" అని నవ్వాడు. ప్రతి గుంతకూ అతను బ్రేకు వేస్తుంటే వీపు మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

రూతమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. ఇంటికప్పు సగం కూలితే టార్పాలిన్ పట్ట కప్పుకుని ఉంది. గుంజకు కట్టిన దూడ నా మోకాలికి జానెడు పైకి ఉందంతే. తెల్లని ఒళ్లు, పొట్టి కాళ్లు, నేలకు రాసుకునే తోక. "గడ్డి కోసుకొచ్చే ఓపిక లేదు బిడ్డా. వానలు రాకముందే ఇంటికి రేకులు ఏయించుకోవాల" అంది. టైం పదకొండున్నర. నేను బ్యాగు జిప్పు తీస్తుంటే ఆపింది. "ప్రార్థన సేసి బేరం మాట్లాడుకుందాం. నువ్వే సెయ్యమ్మా."

మా ఇళ్లల్లో ఇది మామూలే. వచ్చినవాళ్లు కాఫీ కంటే ముందు ప్రార్థన చెయ్యాలి. కళ్లు మూసుకుని ఆమె ఆరోగ్యం కోసం, ఇంటి కోసం చేశాను. "ప్రభువా, ఈ బేరాన్ని" అనేదాకా వచ్చాను. దీన్ని ఆశీర్వదించమని ఏ ముఖంతో అడగను? దగ్గు వచ్చినట్టు నటించి ఆమెన్ అనేశాను.

"ఎంతిస్తావు బిడ్డా?"

ముప్పై అనడానికి నోరు రాలేదు. "ఎనభై వేలు" అన్నాను. అనగానే నా మీద నాకే గౌరవం పెరిగింది, చూడండి. అప్పటికీ నాకు డెబ్బై వేలు మిగులు.

రూతమ్మ కళ్లు తుడుచుకుంది. "నలభై వస్తే సాలనుకున్నా. దేవుడే నిన్ను పంపినాడు." ముప్పై వేలు చేతికిచ్చి, తక్కినది ఫోన్లో వేయిస్తానన్నాను. ఆమె ఆ కట్ట నాకే తిరిగిచ్చి, లోపలి నుంచి కానుక కవరు తెచ్చింది. "నాకు కండ్లు ఆనవు. ఇందులో ఎనిమిది వేలు పెట్టమ్మా. పదో వంతు ఆయనది, రేకుల సంగతి ఆ తర్వాత."

నోట్లు తీస్తున్నాను. నా మోసానికి నేనే దశమ భాగం కడుతున్నాను. సగంలో ఆపి కవరు కింద పెట్టాను.

"అవ్వా, దీని ధర లక్షన్నర. బెంగళూరులో ఒకావిడ ఇస్తానంది. నాకు ముందే తెలుసు."

ఆమె కోప్పడలేదు. "మరి ఎనభై అని యాల అంటివి?"

"ఆశ అవ్వా."

"ప్రార్థన సేసినాక కూడానా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బెంగళూరావిడకు ఫోన్ కలిపి, లక్షన్నరా ఈమెకే ఇవ్వమని చెప్పి రూతమ్మ చేతికిచ్చాను. అంతలో వచ్చిన వి.కోట బ్రోకరు బైకు దిగి ముప్పై అయిదు వేలన్నప్పుడు, ఆమె ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే వద్దని చెయ్యి ఊపింది.

రెండు గంటల బస్సుకు తిరుగుముఖం పట్టాను. మంచి పని చేసిన సంతోషం పొంగిందని రాస్తే అది ఇంకో అబద్ధం. పలమనేరు దాకా డబ్బు పోయిందని కుమిలిపోయాను, నాది కానే కాని డబ్బుకి. నాకు మిద్దె ఇల్లుంది, నడిచే షాపుంది. అయినా కూలిన కప్పు కింద కూర్చుని దేవుడి వంతు ముందు తీసి పెట్టిన ఆమెకున్న నిశ్చింత నాకు లేదు. అది లాభంతో వచ్చేది కాదని నోటితో ఎన్నిసార్లు చెప్పానో. నాకు అది తెలియదని ఆ రోజే తెలిసింది.

దూడ కోసం పోయేవాళ్లకు రెండు సూచనలు. పశువుల డాక్టరును తోడు తీసుకుపోండి, బేరానికి ముందు అసలు ధర ఎంతో అమ్మేవాళ్లకు మీరే చెప్పండి. ఆ తర్వాత తగ్గించమని అడగడానికి నోరు వస్తే అడగండి.