తిట్టుకోవడానికి ఒక ఊరు

ఆ నగరం సముద్రం ఒడ్డున మొదలైంది. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇంకా ఆగలేదు. ఒక చివర వాన పడితే రెండో చివరివాళ్లు ఆ సంగతి మర్నాడు పేపర్లో చదివి తెలుసుకుంటారు. ఒకే ఊళ్లో ఉన్నాం కదా అని చుట్టాల పురిటిబిడ్డను చూడటానికి బయలుదేరితే, చేరేసరికి ఆ బిడ్డే వచ్చి తలుపు తీసిన సందర్భాలున్నాయని చెబుతారు. అతిశయోక్తే కావచ్చు గానీ, అక్కడి బస్సులెక్కినవాళ్లెవరూ ఇంతవరకూ ఖండించలేదు.

ఈ నగరంలో తుప్పు మేస్త్రి అనే ఆయన కాపురముండేవాడు. తుప్పు తయారుచేయడం ఆయన పని కాదు. అది సముద్రం చూసుకునేది. కిటికీ ఊచలకీ, బాల్కనీ గ్రిల్సుకీ, గేట్లకీ పట్టిన తుప్పును ఉప్పుకాగితంతో గీకి, ఎర్రటి ప్రైమర్ పూసి, దానిమీద రంగు వేయడం ఆయన వృత్తి. సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ ఆయన సామ్రాజ్యం. ఒక చివర మొదలుపెట్టి, తాడుకు కట్టిన పీటమీద వేలాడుతూ రెండో చివరికి వచ్చేసరికి, మొదటి చివరివాళ్లు కిటికీల్లోంచి "మేస్త్రీ, మళ్లీ పట్టిందయ్యా" అని కేకలేసేవాళ్లు. అందువల్ల "పని అయిపోయింది" అనే వాక్యంతో ఆయనకు జీవితంలో అవసరం పడలేదు. ఏ ప్రభుత్వమూ ఇవ్వలేని ఉద్యోగభద్రతను ఆ ఉప్పుగాలి ఆయనకిచ్చింది. కృతజ్ఞతగా ఆయన దాన్ని రోజూ తిట్టేవాడు.

మేస్త్రి భార్య ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో పనిచేసేది. ఇంటినుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరాక, టీ గ్లాసులు పట్టుకుని బాల్కనీలోకి వచ్చేవాళ్లు. ఆ బాల్కనీ ఒకటిన్నర కుర్చీ పట్టే వెడల్పు. ఆయన కుర్చీలోనూ, ఆవిడ గడపమీదా కూర్చునేవాళ్లు. అప్పుడు సభ మొదలయ్యేది. ప్రారంభోపన్యాసం ఎప్పుడూ ఆవిడదే.

"ఇదీ ఒక ఊరేనండీ?"

"ఊరని ఎవరన్నారు?"

ఆపైన విషయాలు ఒక వరసలో నడిచేవి. ముందు బస్సు. తర్వాత పొద్దున్నే కాసేపు కనబడి మాయమైపోయే కుళాయి నీళ్లు. తర్వాత గాలి: ఆరని బట్టలు, వెలగని అగ్గిపుల్లలు, సీసాలో గడ్డకట్టిన ఉప్పు. చివరికి ఇంటి ఓనరు. ఓనరు దగ్గరికి వచ్చేసరికి టీ అయిపోయేది. ఆవిడ లేస్తూ "ఎక్కడికైనా పోదామండీ" అనేది. "పోదాం, రేపే పోదాం" అని ఆయన గ్లాసు అందించేవాడు. తర్వాత ఇద్దరూ హాయిగా వంటపనిలో పడేవాళ్లు. ఆ చివరి రెండు మాటలూ ప్రయాణానికి సంబంధించినవి కావు. దరఖాస్తు చివర "ఇట్లు, తమ విధేయుడు" అని రాస్తామే, అలాంటివి. రాసినవాడు విధేయుడని ఎవరైనా అనుకుంటారా?

అనుకునేవాడు ఒకడున్నాడు. ఆవిడ తమ్ముడు.

తమ్ముడు సముద్రం వాసనైనా సోకని ఒక చిన్న పట్టణంలో, తూనికలు కొలతల శాఖలో ఉద్యోగి. కొట్టుకొట్టుకీ వెళ్లి త్రాసులు పరీక్షించడం అతని పని. ముల్లు ఎటు చూపిస్తే అదే నిజమని, మనుషుల మాటలకు కూడా ముల్లు ఉంటుందని నమ్మి బతికినవాడు. ఒకసారి అక్కను చూడటానికి వచ్చి, ఆ సాయంత్రం సభకు హాజరయ్యాడు. బస్సు దగ్గర గ్లాసు కింద పెట్టేశాడు. నీళ్ల దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. "ఎక్కడికైనా పోదామండీ" దగ్గర లేచి లోపలికి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా అతని ఫోనొచ్చింది.

"అక్కా, ఇంక నువ్వేం బాధపడక్కర్లేదు. మా వీధిలోనే ఇల్లు చూశాను. డ్రిల్లు మాస్టారిది, రిటైరయ్యాడు. ముందు గదిలో బావ షాపు పెట్టుకోవచ్చు. ఆదివారం ఇద్దరూ రండి. సాయంత్రం మాస్టారొస్తాడు, మాటిచ్చేద్దాం. వచ్చే నెల్లో మకాం మార్చేయండి."

ఆ రోజు బాల్కనీలో సభ జరగలేదు.

మేస్త్రి ఇలా ఆలోచించాడు: పాపం, దీనికి ఉన్నది ఒక్క తమ్ముడు. ఇన్నాళ్లూ నా పని కోసం ఇక్కడ పడి ఉంది. ఇప్పుడు కాదంటే మనిషినేనా? ఆవిడ ఇలా ఆలోచించింది: పాపం, ఈయన మోకాళ్లు ఏం బాగున్నాయని? ఎన్నాళ్లని తాడుకు వేలాడతాడు? ఇప్పుడు వద్దంటే నాకు మనసుందా?

"నీ ఇష్టం" అన్నాడాయన.

"మీ ఇష్టం" అందావిడ.

ఈ రెండు ఇష్టాలూ కలిసి ఎన్ని కాపురాలను తప్పు బస్సెక్కించాయో లెక్క తేల్చినవాళ్లు లేరు. వీళ్లను మాత్రం ఆదివారం పొద్దున బస్సెక్కించాయి.

తమ్ముడి ఊరు చూడముచ్చటగా ఉంది. బస్సు దిగి ఇంటికి నడుస్తుండగానే ఊరు అయిపోయింది. తమ్ముడు గేటు దగ్గర నిలబడి, ఎవరో గొప్పవాణ్ణి పరిచయం చేస్తున్నట్టు చెయ్యి చాపాడు.

"బావా, ఈ గేటుకి రంగు నా పెళ్లికి వేయించాను. చూడు, చెక్కు చెదరలేదు."

మేస్త్రి బొటనవేలితో గేటు పైనుంచి కిందికి రాశాడు. నున్నగా ఉంది. వంగి మడతబందుల సందుల్లో చూశాడు. అక్కడా తుప్పు లేదు. జబ్బులే లేని ఊళ్లో డిస్పెన్సరీ పెట్టమని పిలిపించుకున్న డాక్టరులా ఆయన ముఖం మెల్లగా పాలిపోయింది.

"ఊరంతా ఇంతేనా?" అని అడిగాడు.

"ఊరంతా ఇంతే బావా!" అన్నాడు తమ్ముడు గర్వంగా.

లోపల మేస్త్రి భార్య కాళ్లు కడుక్కుందామని కుళాయి తిప్పింది. నీళ్లొచ్చాయి. ఎన్నో ఏళ్ల అలవాటు ఆవిడ చేతుల్ని పట్టుకుంది. బకెట్టు నింపింది, బిందె నింపింది, గిన్నెలూ చెంబులూ నింపింది, చివరికి టీ కప్పులు కూడా నింపి వరసగా పేర్చింది. మరదలు వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎందుకొదినా ఇవన్నీ?"

"పోతాయేమోనని..."

"ఎక్కడికి పోతాయి? ఎప్పుడు తిప్పినా వస్తాయిగా."

కుళాయిని ఎప్పుడు పడితే అప్పుడు తిప్పొచ్చునన్న వార్త ఆవిడకు సంతోషం కలిగించాల్సింది. ఎందుకో, చేతిలో పని లాగేసుకున్నట్టనిపించింది.

భోజనాల దగ్గర మేస్త్రి పరువు కూడా పోయింది. కూరలో ఉప్పు కాస్త తగ్గింది. ఆయన ఉప్పుసీసా అందుకుని, తలకిందులుగా పట్టుకుని, ఇంట్లో రోజూ చేసినట్టే అడుగున అరచేత్తో దబదబా మూడు దెబ్బలు వేశాడు. వాళ్లింట్లో అయితే ఆ శిక్షకు నాలుగు రవ్వలు రాలేవి. ఇది పొడి గాలి ఊరు. సీసాలో ఉప్పంతా దిగి కంచంలో గుట్టగా నిలబడింది. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

"మాకు అలాగే తగలాలమ్మా" అన్నాడు మేస్త్రి హుందాగా.

మధ్యాహ్నం తిరిగాక మొగుడూ పెళ్లాలు టీ తీసుకుని వరండాలో కూర్చున్నారు. నాలుగు కుర్చీలు పట్టే వరండా. ఎవరికి ఎవరూ తగలకుండా కూర్చోవచ్చు.

"ఇదీ ఒక..." అని మొదలుపెట్టి ఆవిడ ఆగిపోయింది.

"ఏమిటి?"

"ఏం లేదండీ. బాగుంది."

"బాగుంది."

"నీళ్లు బాగున్నాయి."

"ఊఁ. గేట్లు కూడా బాగున్నాయి."

టీ వేడి తగ్గకముందే మాటలు అయిపోయాయి. ఇద్దరూ ఎదురింటి గోడను చూస్తూ కూర్చున్నారు. దానికీ ఏ లోపమూ లేదు.

సాయంత్రం డ్రిల్లు మాస్టారు తాళాలగుత్తితో వచ్చాడు. వెన్ను నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చుని, "మరి మాట అనుకుందామా?" అన్నాడు. మేస్త్రి తన భార్య వైపు చూశాడు. ఆవిడ తను కూర్చున్న చాప వైపు చూసింది. ఇద్దరి గొంతులోనూ "సరే" అనే మాట బయటికి రావడానికి సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఉపోద్ఘాతం అందుకున్నాడు.

"ముందు మా అక్క పడ్డ కష్టాలు మీరు వినాలి మాస్టారూ. బస్సు రాదు. వస్తే ఒంటికాలికే చోటు. నీళ్లు పొద్దున కనబడి మాయం. ఉతికిన బట్ట ఆరదు, గీసిన పుల్ల వెలగదు. ఇక గాలా, అది ఇనుమునే తినేస్తుంది..."

అన్నీ వాళ్ల మాటలే. వరస కూడా వాళ్లదే. అయినా తన చొక్కా ఇంకొకడు తొడుక్కుని వీధిలో తిరుగుతుంటే ఎలా ఉంటుందో మేస్త్రికి అలా ఉంది.

"తెలుసు తెలుసు" అన్నాడు మాస్టారు. "నేనూ ఒకసారి వెళ్లాను. అదేం ఊరయ్యా! మనుషుల్లో జాలన్నది లేదు. పక్కన మనిషి పడిపోయినా చూడరు."

"ఎవరండీ చూడనిది?"

అందరూ తలలు తిప్పారు. మేస్త్రి భార్య లేచి నిలబడింది.

"మొన్న బస్సులో నాకు కళ్లు తిరిగితే, ముక్కూ మొహం తెలియని ఆవిడ తను దిగాల్సిన స్టాపు వదిలేసి నన్ను ఇంటిదాకా దించింది. తెలుసా మీకు?"

"అక్కా" అన్నాడు తమ్ముడు తెల్లబోయి, "ఆ బస్సులో ఒంటికాలికే చోటని నువ్వే కదే అన్నావు!"

"ఇచ్చారు కదరా ఒంటికాలికి! అదీ లేకపోతే ఏం చేసేదాన్ని? బస్సు ఆలస్యమవబట్టే కదా స్టాపులో మా వాళ్లందరితో కబుర్లయ్యేది!"

మాస్టారు సర్దబోయాడు. "అది సరేనమ్మా, కానీ ఆ సముద్రంలో మాత్రం ఏముంది? ఉప్పునీళ్లు."

ఈసారి మేస్త్రి లేచాడు.

"మాస్టారూ, ఏడో అంతస్తు దగ్గర తాడుమీద కూర్చుని తెల్లారగట్ల చూశారా మీరు దాన్ని? లేదు కదా. చూడనివాళ్లు మాట్లాడకూడదు."

"బావా! ఆ గాలి ఇనుమును తినేస్తుందన్నావు!"

"తింటుంది. అది తినకపోతే నేనేం తినాలి?"

మేస్త్రి నెమ్మదిగా భార్యవైపు తిరిగాడు.

"అయితే నీకు తమ్ముడి దగ్గరుండాలని లేదూ?"

"మీ మోకాళ్లకోసం కదండీ నేను..."

"నా మోకాళ్లు నేలమీదే నొప్పి. తాడుమీద వాటికేం పని?"

తమ్ముడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి ఇన్నేళ్లూ రోజూ ఏడ్చారెందుకు?"

"ఏడవలేదురా" అంది అక్క. "మాట్లాడుకున్నాం."

మాస్టారు తాళాలగుత్తి గలగలలాడించాడు. "ఇంతకీ ఇల్లు కావాలా, వద్దా?"

మేస్త్రి నోరు తెరిచాడు. కానీ జవాబు తమ్ముడే చెప్పాడు. ఎంతైనా త్రాసులు చూసే మనిషి, ముల్లు ఎటు వాలిందో కళ్లెదుటే కనబడుతుంటే అబద్ధమాడలేడు. "వద్దు మాస్టారూ. అటే మొగ్గింది. చిన్నగా కాదు, పూర్తిగా."

మాస్టారు వెళ్లాక అతను చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయాడు. "నువ్వు దగ్గరుంటావనుకున్నానక్కా" అన్నాడు, గేటుతోనే చెబుతున్నట్టు. మేస్త్రి వచ్చి బామ్మర్ది భుజంమీద చెయ్యేశాడు.

"ఏటా వస్తాం. ఈ గేటుకి రంగు వేసి వెళతాను."

"రంగు బాగానే ఉంది బావా."

"అయినా వేస్తాను."

మర్నాడు తిరుగు ప్రయాణంలో నగరం పొలిమేరలోనే బస్సు ఆగిపోయింది. ముందు బస్సులు, వెనక బస్సులు, మధ్యలో హారన్లు. ఇంటికి ఇంకా సగం పూట ప్రయాణం. కిటికీలోంచి జిడ్డు గాలి వచ్చి మొహానికి అతుక్కుంది. కిటికీ ఊచ పట్టుకుంటే మేస్త్రి అరచేతికి ఎర్రటి పొడి అంటింది. ఆయన దాన్ని తృప్తిగా చూసుకున్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కాళ్లు ముడుచుకుని, సీటులో వీలుగా సర్దుకుంది.

"ఇదీ ఒక ఊరేనండీ?"

"ఊరని ఎవరన్నారు?"

ముందు సీటులో ఉన్నాయన వెనక్కి తిరిగి, "నిజమేనమ్మా, దరిద్రపు ఊరు" అన్నాడు. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కలిసి ఆయనవైపు ఒక చూపు చూశారు. ఆయన మళ్లీ ముందుకు తిరిగి, దిగేదాకా నోరు విప్పలేదు.