ఇన్‌ఫ్రారెడ్ పరిశోధకురాలి కాలిన వేళ్లు

సెలవుకు టేకులపల్లి వచ్చిన నేను, ఈ సాయంత్రం వంటింట్లో కూర్చుని నా పీహెచ్‌డీ దేని గురించో అమ్మకు వివరించాను. దూరపు గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు దట్టమైన దుమ్ము మధ్య పుడతాయి. వాటి వెలుగును ఆ దుమ్మే మింగేసి వేడెక్కుతుంది, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెదజల్లుతుంది. దాన్ని కొలిచి, అక్కడ నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతున్నాయో లెక్కగడతాం.

అమ్మ శ్రద్ధగా విన్నది. అంత బాగా చెప్పానన్న గర్వంలో, ఇంటిపని కూడా అందుకుందామని మధ్యాహ్నం వంట చేసిన కట్టెల పొయ్యిలో బూడిద తీయబోయాను. అడుగున నిప్పులు ఇంకా ఆరలేదు.

నా వేళ్లను చెంబు నీళ్లలో ముంచి పట్టుకుని అమ్మ అడిగింది.

"కనవడని వేడిని కొలుస్తమంటివి గదనే?"

"గెలాక్సీలల్ల కొలుస్తమమ్మా, పొయ్యిల గాదు."

"గట్లనా. అయితే పొయ్యి జోలికి రాకు."

ఎల్లుండి హైదరాబాద్‌లో నా సెమినార్. కుడిచేతి వేళ్లకు కట్టు చూసి, ఎలా కాలిందని మా గైడ్ తప్పకుండా అడుగుతారు. నిజం చెప్పనా, కుక్కర్ మీదికి నెట్టనా? కాస్త మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి.