పెనాల్టీ బాక్స్ దగ్గర మా అత్త

మా అత్త పోయింది. క్లాంగ్ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఐస్ రింకులో ఒక చిన్న పిల్లకి స్కేట్ల లేసులు కడుతున్నాను. ఒక కాలు అయింది, రెండోది సగంలో ఉంది. నర్సు చెప్పింది విని, సరేనని, ఫోను బెంచీ మీద పెట్టి, ఆ రెండో కాలు కూడా బిగించి ముడేసి, పిల్లని మంచు మీదికి పంపించి, అప్పుడు కూలబడ్డాను. ఎందుకలా చేశానో తెలియదు. సగం కట్టి వదిలేస్తే పిల్ల పడిపోతుందన్న ఆలోచన ఒక్కటే గుర్తుంది.

మీలో చాలామందికి ఆమె పేరు తెలియదు. మన మలేషియా తెలుగువాళ్ల ఉగాది సభల్లో వెనక వరసలో కూర్చుని, భోజనాల వేళకి అందరికంటే ముందు లేచి, పరాయి పిల్లలకి అన్నం కలిపిపెట్టే ముసలావిడని చూసి ఉంటే, ఆవిడే. మా నాన్నకి అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో ఆయాగా పనిచేసింది. తెల్లారకముందే ఆడవాళ్లు రబ్బరు చెట్ల పాలు గీయడానికి పోతూ పసిపిల్లల్ని ఒక రేకుల షెడ్డులో వదిలివెళ్లేవారు. దాన్ని అరవంలో ఆయా కొట్టాయి అనేవాళ్లు, మేమూ అలాగే అనేవాళ్లం. మా అమ్మ నన్నూ అక్కడే దింపి పనికి పోయేది. అందుకని నాకు అమ్మ ఒడి కంటే అత్త ఒడే ముందు గుర్తు. రబ్బరు కొట్టేసి ఆయిల్ పామ్ వేశాక, ఆ షెడ్డూ పోయాక, ఆమె క్లాంగ్‌లో మా ఇంటికి వచ్చేసింది.

కొట్టాయిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఆమె పంచాయితీ పెట్టేది కాదు. ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని తన పని తను చేసుకుపోయేది. టీచరునయ్యాక ఒకసారి అడిగాను, తప్పెవరిదో తేల్చకపోతే ఎలాగని. "ఎవుడు ముందు కొట్టినాడని అడిగితే ఇద్దరూ అబద్దం సెప్తారే. ఆళ్లకి అబద్దం నేర్పడం తప్ప నాకేటొస్తాది?" అంది. నేను నవ్వేశాను. కోపం ముక్కు మీద ఉండే మనిషిని నేను. తప్పు ఎవరిదో అక్కడికక్కడే తేలితే తప్ప నాకు ఊపిరాడదు.

నేను పనిచేసేది ఒక ప్రైవేటు స్కూలు. పిల్లలకి ఆటలు నేర్పే పీఈ టీచర్ని. మా స్కూలు ఏటా ఒక షాపింగ్ మాల్‌లోని రింకులో పిల్లల ఐస్ హాకీ టోర్నమెంటు పెడుతుంది. చుట్టుపక్కల స్కూళ్లకి ఆహ్వానాలు పంపుతాం, సింగపూర్ నుంచి ఒక జట్టు, కొన్నేళ్లు థాయిలాండ్ నుంచి ఒక జట్టు వస్తాయి. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు అత్త పడీపడీ నవ్వింది. "బయట ఎండకి తారు కరిగిపోతంది, లోపల మంచు మీద ఆటేటి? డబ్బున్నోళ్ల పిచ్చి లా ఇది" అంది, ఇక్కడి అందరి అలవాటు ప్రకారం మాటకి 'లా' తగిలించి. అయినా మా అమ్మాయి ఆడుతుందంటే చూడ్డానికి బయల్దేరింది.

ఐస్ హాకీ తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ఆటలో ఎవరినైనా తోసినా, కర్రతో కొట్టినా, రిఫరీ ఆ పిల్లని రెండు నిమిషాలు బయటికి పంపిస్తాడు. మంచు పక్కనే జట్టుకొకటి చొప్పున గాజు గోడల చిన్న గది ఉంటుంది, దాన్నే పెనాల్టీ బాక్స్ అంటారు. అందులో కూర్చుని, గడియారంలో రెండు నిమిషాలు అయ్యాక మళ్లీ ఆటలోకి రావాలి. అంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతుంది. ఆ గది తలుపు తీసి వెయ్యడానికి ఒక పెద్ద మనిషి కావాలి. ఆ సంవత్సరం ఆ పని ఒప్పుకున్న తండ్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. నాకు వేరే దారి లేక, "అత్తా, ఆ తలుపు దగ్గర కూర్చో, సున్నా పడ్డాక తియ్యి, అంతే" అన్నాను.

"పిల్లల్ని కాయడమే కదా. నా బతుకంతా అదే సేసినాను" అని వెళ్లి కూర్చుంది.

చీర మీద మా నాన్న పాత స్వెట్టరు, చెవుల మీదుగా మఫ్లరు, కాళ్లకి మగవాళ్ల మేజోళ్లు, వాటి మీద హవాయి చెప్పులు. నాకు కొంచెం సిగ్గేసిన మాట నిజం. మొదట వచ్చిన కుర్రాడు సింగపూర్ జట్టువాడు. రిఫరీ అన్యాయం చేశాడని కర్ర గోడకేసి బాదుతూ, ఏడుపూ కోపమూ కలిసిపోయి వచ్చాడు. అత్త కొంచెం పక్కకి జరిగి చోటిచ్చి, మలయ్‌లో "సుదా మకాన్?" అని అడిగింది. తిన్నావా అని. వాడు బిత్తరపోయాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్నాడు. ఏం తినాలనుందో చెప్పమంది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు అయిపోయాయి, తలుపు తెరిచింది, వాడు వెనక్కి చూసుకుంటూ ఆటలోకి పోయాడు.

ఆ మర్నాటినుంచి ఆమె మా టోర్నమెంటుకి సొంత మనిషైపోయింది. తెలుగు, అరవం, మలయ్, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, అన్నీ కలిపి మాట్లాడేది. ఏం తప్పు చేశావని ఒక్క పిల్లనీ అడగలేదు. తిన్నావేటి, సలేస్తందా, మీ అమ్మొచ్చిందా, అంతే. పెనాల్టీ బాక్స్‌లోంచి పిల్లలు తిరిగొచ్చాక మళ్లీ కొట్లాటకి దిగడం తగ్గిందని ఒక రిఫరీయే నాతో అన్నాడు. మరుసటి ఏడు ఆహ్వానానికి జవాబు రాస్తూ ఒక కోచ్, ఈసారి ఆ ఆంటీని మా పక్క బాక్స్‌లో కూర్చోబెట్టండి అని అడిగాడు. చదివి వినిపిస్తే, "నానెవురి పక్కా కాదని సెప్పు" అంది, కానీ సాయంత్రం దాకా ఆ మాటే తలుచుకుని మురిసిపోయింది.

ఇక్కడిదాకా రాయడం తేలిక. ఇక రాయబోయేది నేను చేసిన తప్పు.

కిందటేడు ఫైనల్లో మా స్కూలు, అతిథి జట్టు. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. ఆట చివర్లో ఎవరినో తోసి రెండు నిమిషాల శిక్షకి వచ్చింది. అత్త పక్కనే కూర్చుంది. నేను అవతలి వైపు మా జట్టు బెంచీ దగ్గర అరుస్తున్నాను. ఉన్నట్టుండి బాక్స్ తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి బయటికి దూకింది, ఈ ఆటలో బంతికి బదులు వాడే నల్ల బిళ్ల సరిగ్గా దాని కర్ర దగ్గరికే వచ్చింది, గోల్ కొట్టేసింది. మా వాళ్లంతా కేకలు. అప్పుడు చూశారు, శిక్ష పూర్తవడానికి గడియారంలో ఇంకా ఆరు సెకన్లున్నాయి.

రిఫరీ బాక్స్ దగ్గరికి వెళ్లి ఎవరు తీశారని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే. కాపలా మనిషి పొరపాటైతే గోల్ రద్దు చేసి ఊరుకుంటారు. ఆడే పిల్లే ముందు దూకితే దానికి ఇంకో శిక్ష పడుతుంది. అత్త లేచి నిలబడింది. "మై హ్యాండ్, సర్. ఐ ఓపెన్. సారీ" అంది. అవతలి కోచ్ నా వైపు తిరిగి, మీ ఇంటి మనిషినే పెట్టుకున్నారు కదా, ఇంకేం జరుగుతుంది అన్నాడు.

ఆ మాట నాకు మండింది. అతన్ని ఏమీ అనలేక, మంచు చుట్టూ నడిచివెళ్లి, అంతమంది పిల్లల ముందు, వాళ్ల తల్లిదండ్రుల ముందు మా అత్తని అన్నాను. "గడియారం సూడ్డం రాకపోతే ఇక్కడెందుకు కూకున్నావ్? నా పరువు తీసేసినావ్. లే, పైకి పో." మా ఇంటి భాషలోనే అన్నాను, ఆమెకి బాగా తగిలేలా. ఆమె మఫ్లరు తీసుకుని మెట్లెక్కి, చివరి వరసలో కూర్చుంది. ఆమె చోటులో ఒక తండ్రిని కూర్చోబెట్టాను. మేం ఓడిపోయాం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఏమీ జరగనట్టు చారు కాచింది. నేను ఏదో అనబోతే, "తప్పు నాది, అరుపు నీది, సరిపోనాది లా. కూకో, తిను" అంది. ఆ మాటతో నా నోరు మూతపడింది. నిజం చెప్పాలంటే, మూసుకునే అవకాశం దొరికినందుకు లోపల హాయిగానే అనిపించింది. మా అమ్మాయి ఆ రాత్రి తినలేదు. ఫైనల్ పోయినందుకనుకున్నాను.

తర్వాత నేను అత్తని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మారుమాట లేకుండా వచ్చింది, అక్షరాలన్నీ గడగడా చదివింది. ఈ వయసులో ఇంత చూపుండటం అదృష్టమని డాక్టరు అన్నాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగలేదు. కళ్లు కాకపోతే మతిమరుపు మొదలైందనుకుని, వంటగదిలో పొయ్యి ఆపిందో లేదో నేనే వెళ్లి చూసుకోవడం మొదలుపెట్టాను. ఆమె అదీ చూసింది.

ఈ ఏడు టోర్నమెంటు పొద్దున నేను సామాన్లు కారులో సర్ది లోపలికి వచ్చేసరికి, ఆమె స్నానం చేసి, స్వెట్టరు వేసుకుని, మేజోళ్లు తొడుక్కుని సోఫాలో కూర్చుని ఉంది. పిలుస్తానో లేదో అడగలేదు. ఊరికే తయారై కూర్చుంది. నేను బాక్స్ దగ్గరికి వేరే ఇద్దర్ని ఎప్పుడో మాట్లాడేశాను. "ఈసారొద్దులే అత్తా, సలెక్కువ" అన్నాను.

"అవున్లే, సలే" అంది. స్వెట్టరు తలమీదుగా తీస్తుంటే జడలోని పిన్ను పట్టుకుంది. నేను విడిపించాను. ఆమె ఆరోగ్యంగా ఉండగా నేను ముట్టుకున్నది అదే ఆఖరుసారి. మా అమ్మాయి హాకీ సంచితో మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది. ఆ రోజు అది ఒక్కరినీ తోయలేదు, ఒక్క గోలూ కొట్టలేదు, ఎవరో తరుముతున్నట్టు మంచు అంచున తిరిగింది.

రెండు వారాలకి అత్తకి పక్షవాతం వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మాట పోయింది. నేను మంచం పక్కన కూర్చుని చెయ్యి నిమిరాను, కాళ్లు ఒత్తాను, దుప్పటి సర్దాను. నన్ను క్షమించు అత్తా అన్న ఒక్క మాట అనలేదు. లేచి కూర్చున్నాక అందామనుకున్నాను. వినే చెవులు అప్పటికీ ఉన్నాయని తెలుసు, అయినా అనలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పైకే అంటున్నాను, ఎవరికి వినపడాలని అంటున్నానో తెలియదు.

ఇంటి ముందు టెంటు వేశారు. శవాన్ని హాల్లో పెట్టారు. తీసుకెళ్లే ముందు ఆడవాళ్లంతా వరసగా వచ్చి నోట్లో బియ్యం వెయ్యాలి. తోటలో ఆమె పెంచిన పిల్లలు, ఇప్పుడు తలలు నెరిసినవాళ్లు, ఎక్కడెక్కడినుంచో వచ్చారు. నా ముందు మా అమ్మాయి నిలబడింది. దాని వంతు వచ్చింది. బియ్యం వేసి పక్కకి జరగకుండా వంగి, మామ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. ముద్దు పెట్టుకుంటోందనుకున్నారు అందరూ.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. మేం తెలుగులో అడిగినా జవాబు ఇంగ్లీషులోనే. ఆ పిల్ల నోటినుంచి మా అత్త మాట్లాడే తెలుగు వచ్చింది.

"మామ్మా, తలుపు నువ్వు తియ్యనేదు. నానే తీసినాను. నువ్వు సెప్పొద్దన్నావు. ఇప్పుడు సెప్పినాను."

తర్వాత అంతా చెప్పింది. ఓడిపోతామేమోనని ఆగలేక గడియ తనే లాగిందట. గోల్ కొట్టాక బాక్స్ దగ్గరికి తిరిగొచ్చి గడియ పట్టుకుని నిలబడితే, రిఫరీ వచ్చేలోపే మామ్మ, సెప్పకే అని, దాని చెయ్యి గడియ మీదినుంచి తీసి తన చెయ్యి పెట్టిందట. ఆ రాత్రి ఏడుస్తూ మామ్మ దగ్గరికెళితే, "నీకు సెప్పాలనిపించిన రోజు సెప్పు, తొందరేటి లేదు" అందట. ఏడాదంతా నాకెందుకు చెప్పలేదని అడిగాను. మామ్మనే అంతమందిలో అలా అన్నావు కదా, నన్నేమంటావోనని భయమేసింది అంది.

అదంతా తర్వాత. ఆ నిమిషంలో మాత్రం నా వంతు వచ్చింది. ఎంతసేపటినుంచో పిడికిట్లో పట్టుకున్న బియ్యం చెమటకి తడిసి అరచేతికి అంటుకుపోయాయి. అత్త పెదవుల మీద చెయ్యి పెట్టి వేళ్లు విప్పాను. గింజలు రాలలేదు. వెనకనుంచి ఎవరో, కానియ్యమ్మా, ఆలస్యమవుతోంది అన్నారు. అప్పుడు మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని, గోటితో ఒక్కొక్క గింజా నా అరచేతిలోంచి విడదీసి, మామ్మ నోట్లో వేసింది.